సింహాచలం కాని సింహాచలం: ఒక థ్రిల్లర్ నవల పని డైరీ

మారుపేరుతో బతికే మనిషి మీద నవల రాస్తున్నవాళ్లకు పనికొస్తుందని నా నోటు పుస్తకాల్లోని రాతలను దశలవారీగా సర్ది ఇక్కడ పెడుతున్నాను. కథ ఎలా తట్టింది, మొదటి రోజుల్లో ఎంత హుషారుగా రాశాను అన్న సంగతులు వదిలేశాను. ఎక్కడ కూలింది, ఎందుకు కూలింది, ఏమి మార్చాను అన్నవే ఉంచాను. ప్రతి దశ చివర మొదటి నుంచి అప్పటిదాకా కలిపిన పదాల లెక్క ఉంది.

కథ క్లుప్తంగా ఇది. 1977 నవంబరు 19, శనివారం, దివిసీమ ఉప్పెన. నాగాయలంక దగ్గర ఒక పల్లెలో సహకార సంఘం గుమస్తా నాంచారయ్య బతికి బయటపడ్డాడు. అతని గదిలోనే ఉంటున్న శ్రీకాకుళం జిల్లా కుర్రవాడు సింహాచలం చనిపోయాడు. సింహాచలం కాలువ సర్వేలో గొలుసు లాగే తాత్కాలిక పనివాడు. సంఘం పెట్టెలో 6,400 రూపాయలు తక్కువ ఉన్నాయి, వాడుకున్నది నాంచారయ్య. అతను చనిపోయిన మిత్రుడి పేరు పెట్టుకుని మహారాష్ట్రలోని బల్లార్షా చేరి, కాగితపు మిల్లులో పనికి కుదిరి, ముప్పై నాలుగేళ్లు ఆ పేరుతోనే గడుపుతాడు.

దశ 1: మొదటి ప్రతి ఎందుకు పడిపోయింది

పదకొండు నెలల్లో 41,300 పదాలు, 19 అధ్యాయాలు అయ్యాయి. చదవడానికి ముగ్గురికి ఇచ్చాను. ముగ్గురూ 60వ పేజీ దగ్గరే ఆగిపోయారు. బాగాలేదని ఎవరూ అనలేదు. "తరువాత ఏమవుతుందోనన్న ఆత్రుత లేదు" అని మాత్రం ముగ్గురూ వేరువేరుగా చెప్పారు.

కారణం వెతకడానికి ఒక ఎర్ర పెన్సిలు తీసుకుని, నిజం చెబితే కథానాయకుడి గుట్టు బయటపడే ప్రశ్న ఎదురైన ప్రతిచోటా గీత గీశాను. 19 అధ్యాయాలు కలిపితే 7 గీతలు. వాటిలో 5 పోలీసులు అడిగినవే. అంటే మిగతా లోకమంతా అతన్ని పలకరించకుండా వదిలేసిందన్నమాట.

ఆ వారంలోనే విజయవాడ నుంచి కాజీపేటకు రైల్లో వెళ్లాను. ఎదుటి సీట్లో కూర్చున్న పెద్దావిడ నన్ను అడిగినవి వరుసగా రాసుకున్నాను: ఏ ఊరమ్మా, పుట్టిల్లు ఎక్కడ, ఇంటిపేరేమిటి, మీ నాన్నగారేమి చేసేవారు, ఆ ఊళ్లో ఫలానావారు మీకేమవుతారు, పిల్లలెందరు. ఖమ్మం రాకముందే ఆరు ప్రశ్నలు. ఏ ప్రశ్న వెనుకా అనుమానం లేదు, అన్నిట్లోనూ ఆప్యాయతే. నా నాంచారయ్య ఈ ఆరింటికీ అబద్ధమే చెప్పాలి. చెప్పి, జీవితాంతం గుర్తు పెట్టుకోవాలి. నవలకు ప్రమాదం ఎక్కడి నుంచి రావాలో ఆ రైల్లో అర్థమైంది. తెలుగువాళ్ల మధ్య దొంగపేరుకు మొదటి పరీక్ష పెళ్లిపందిట్లో, వంటింట్లో, రైలు పెట్టెలో ఎదురవుతుంది. ఠాణా సంగతి ఆ తరువాత.

అదే విడతలో దొరికిన వాస్తవ దోషాలు:

1. నాంచారయ్య పులిగడ్డ దగ్గర వంతెన మీదుగా కృష్ణ దాటి రేపల్లె వైపు వెళ్లినట్టు రాశాను. 1977లో అక్కడ ఆ వంతెన లేదు. విజయవాడ వైపు మళ్లించాను.
2. ఉప్పెన రాత్రి పండువెన్నెల పెట్టాను. పంచాంగం చూస్తే కార్తీక పున్నమి 25న. పైగా ఆకాశమంతా తుపాను మేఘమే. వెన్నెల మొత్తం తీసేశాను. చీకట్లో మనుషులు ఒకరినొకరు గొంతుతోనే గుర్తుపట్టారు. తరువాతి దశల్లో ఇదే అక్కరకొచ్చింది.
3. శవాన్ని గుర్తుపట్టే దృశ్యం ఒకటి రాశాను. అధికారిక లెక్క ప్రకారమే పది వేలమంది దాకా చనిపోయారు. చాలా శవాలను పేరు తెలియకుండానే సామూహికంగా దహనం చేశారు. ఈ కథ సాధ్యమైందే అందువల్ల. ఆ దృశ్యం కొట్టేశాను.

లెక్క: రాసినవి 41,300. తీసేసినవి 29,800. మిగిలినవి 11,500.

దశ 2: ఉప్పునీళ్ల బకెట్

మొదటి ప్రతిలో సింహాచలం పదో తరగతి ధ్రువపత్రం అతని చొక్కా జేబులోనే దొరుకుతుంది. నాంచారయ్య దాన్ని ఎండబెట్టి వాడుకుంటాడు. ఇది నమ్మదగినదేనా అని ఇంట్లోనే చూశాను. చేసిన పద్ధతి:

1. పది లీటర్ల నీళ్లలో 350 గ్రాముల ఉప్పు కలిపాను. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. రెండు గుప్పెళ్లు చెరువు మట్టి కూడా వేశాను.
2. పాత ఖాతా పుస్తకంలోని దళసరి కాగితాలు నాలుగు తీసుకున్నాను. ఒకదాని మీద నీలం సిరా కలంతో, ఒకదాని మీద బ్లూబ్లాక్ సిరాతో, ఒకదాని మీద బాల్‌పెన్నుతో రాశాను. నాలుగోది అచ్చు కాగితం.
3. నాలుగేసి మడతలు పెట్టి నూలు చొక్కా జేబులో ఉంచి, బకెట్‌లో ముంచాను. 1, 6, 24 గంటలకు తీసి చూశాను.
4. చివరికి ఎండలో ఆరబెట్టి మడతలు విప్పాను.

నీలం సిరా గంటలోనే అలుక్కుపోయింది. బ్లూబ్లాక్ వెలిసిపోయినా 24 గంటల తరువాత కూడా కష్టపడితే చదవగలిగాను. బాల్‌పెన్ను రాత, అచ్చు అక్షరాలు చెక్కుచెదరలేదు. కాగితమే నిలవలేదు. ఆరాక మడతల దగ్గర నాలుగు ముక్కలైంది, చేతికి ఉప్పు పొడి రాలింది. ఆ ముక్కలు పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్లినా ఉద్యోగం రాదు. సిరా నిలిచినా కాగితం నిలవదన్నది నేను ఊహించని ఫలితం.

కాబట్టి ధ్రువపత్రం ఉప్పెన తాకని చోట ఉండాలి. సింహాచలానిది ఊళ్లు మారుతూ ఉండే పని కనుక తన రేకుపెట్టెను విజయవాడలో ఒక సత్రంలో అప్పగించి వచ్చాడని మార్చాను. నాంచారయ్య మిత్రుడి చావు కబురు చెప్పి, పెట్టెను వాళ్లింటికి పంపించే ఏర్పాటు చేయడానికే సత్రానికి వెళ్తాడు. అతని మనసులో వేరే ఆలోచన లేదు. కిటికీ అవతల గుమస్తా తలెత్తకుండా అడుగుతాడు: "సింహాచలమేనా? రెండు రోజులు ఆలస్యం చేశావు."

"అవును."

ఈ ఒక్క మాట పదకొండుసార్లు రాశాను. మొదటి పది ప్రయత్నాల్లో ఆ మాటకు ముందు అతని ఆలోచనలు పెట్టాను, ఒక్కోసారి అర పేజీ. సంఘం డబ్బు, అరెస్టు భయం, భవిష్యత్తు అన్నీ చెప్పించాను. అవి ఉన్నంతసేపూ అతను పథకం వేసిన మోసగాడిలా కనిపించాడు. పదకొండోసారి ఆలోచన ఒక్కటీ లేకుండా, గుమస్తా ప్రశ్న పక్కనే జవాబు పెట్టాను. మూడు రోజులుగా తిండి లేని మనిషి నోట్లోంచి మాట జారింది. జారిన మాటను వెనక్కి తీసుకునేలోపు పెట్టె చేతికి వచ్చింది. పాఠకురాలు ఒకరు అక్కడ పుస్తకం మూసి కాసేపు కూర్చున్నానని చెప్పారు.

లెక్క: రాసినవి 45,500. తీసేసినవి 32,400. మిగిలినవి 13,100.

దశ 3: నోరు తెరిస్తే జిల్లా తెలుస్తుంది

ఎక్కువ కాలం పట్టిన దశ ఇదే.

మొదట అతన్ని బోధన్ దగ్గర దాచాను. అది పెద్ద పొరపాటు. బోధన్, వర్ని వైపు క్యాంపుల్లో కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వెళ్లి స్థిరపడిన రైతు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. దివిసీమ మనిషిని అక్కడ వారం తిరక్కుండానే ఎవరో ఒకరు "మీరు ఫలానావారి అబ్బాయి కదూ" అని పట్టుకుంటారు. రాష్ట్రం దాటించాలని బల్లార్షా ఎంచుకున్నాను. విజయవాడ నుంచి రైలు మార్గంలో దాదాపు 450 కిలోమీటర్లు. మిల్లు ఉంది, బొగ్గు గనులున్నాయి, తెలుగు వినిపిస్తుంది. కాకపోతే ఆ తెలుగు ఎక్కువగా పక్కనున్న తెలంగాణ జిల్లాలది.

ఇక్కడ పేర్ల సమస్య ఎదురైంది. నాంచారయ్య అనగానే బందరు, దివి ప్రాంతం గుర్తొస్తుంది. సింహాచలం అనగానే ఉత్తరాంధ్ర. అంటే కృష్ణా జిల్లా తెలుగు మాట్లాడే మనిషి ఉత్తరాంధ్ర పేరు తగిలించుకుని, తెలంగాణ తెలుగు మాట్లాడేవాళ్ల మధ్య బతకాలి. మొదటి ప్రతిలో నేను ఇది గమనించనే లేదు. పాత్రలన్నీ ఒకే తెలుగు మాట్లాడాయి.

పనిముట్టుగా భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, దగ్గర పెట్టుకున్నాను. ఒకే పనిముట్టుకు, ఒకే పంటకు ఏ జిల్లాలో ఏ మాట ఉందో అందులో చూడవచ్చు. వంటింటి మాటలు మనుషులను అడిగి రాసుకున్నాను. మూడు నిలువు గడుల పట్టిక తయారైంది. నాంచారయ్య నోట సహజంగా వచ్చే మాట, సింహాచలం నోట రావలసిన మాట, బల్లార్షాలో చెవిన పడే మాట. 140 వరుసలు రాశాను. నవలలో వాడినవి 23 మాత్రమే. అంతకు మించితే కథ పదకోశంలా తయారవుతుంది.

వాటిలో ఒక్క వరుస కథనే మలుపు తిప్పింది: రాగులు, చోళ్లు, తైదలు. మిల్లు దగ్గరి భోజనశాలలో తోటి కార్మికుడు పలకరింపుగా అంటాడు: "మీ వైపు తైదలను ఏదో అంటారు కదా, ఏమంటారు?" నాంచారయ్య ముద్ద నమిలే వంకతో ఒక్క క్షణం సంపాదించుకుంటాడు. ఉప్పెన రాత్రి చీకట్లో, నీళ్లలో తాటిచెట్టు పట్టుకుని సింహాచలం వాగిన మాటలన్నీ వెతుక్కుంటాడు. వాళ్లమ్మ కాచే చోడి అంబలి గుర్తుకొస్తుంది. "చోళ్లు" అంటాడు. చేతిలో కత్తి లేదు, ఎవరూ తరమలేదు. నవల మొత్తంలో ఊపిరి బిగబట్టి చదివామని ఎక్కువమంది చెప్పిన పేజీ ఇదే.

రాసిందంతా శ్రీకాకుళం జిల్లాలో ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయనకు ఫోనులో చదివి వినిపించాను. ఉప్పెన రాత్రి సింహాచలం చివరగా "అక్కా" అని పిలిచినట్టు రాశాను. ఆయన అక్కడ ఆపారు.

"అమ్మా, ఆ కుర్రవాడు అక్కా అనడు. మా వైపు అప్పా అంటాడు."

నేను రాత్రంతా ఆ మాట దగ్గరే ఉండిపోయాను. నాంచారయ్యకు మిత్రుడు మిగిల్చి వెళ్లిన ఆస్తి రేకుపెట్టె అనుకుంటూ వచ్చాను. అసలు ఆస్తి ఆ పిలుపు. ఆ అక్క ఎవరో, ఎక్కడుందో అప్పటిదాకా నా నవలలో లేదు.

లెక్క: రాసినవి 60,100. తీసేసినవి 36,300. మిగిలినవి 23,800.

దశ 4: వెంటాడేది ఎవరు

మొదటి ప్రతిలో వెంటాడింది ఒక ఇన్‌స్పెక్టరు. న్యాయవాది మిత్రురాలికి ఆ అధ్యాయాలు చూపించాను. ఆమె పది నిమిషాల్లో తేల్చేసింది. మరొకరిగా నటించి మోసం చేసినందుకు అప్పటి భారత శిక్షాస్మృతి 419 సెక్షన్ కింద గరిష్ఠంగా మూడేళ్ల జైలు. అంతే శిక్ష ఉన్న నేరాలకు 1973 నాటి నేర విచారణ స్మృతి 468 సెక్షన్ మూడేళ్ల కాలపరిమితి పెట్టింది. నేరం ఎవరికీ తెలియకపోతే, తెలిసిన రోజు నుంచి ఆ గడువు లెక్కిస్తారు. "పదివేల శవాలు లేచిన సీమలో 6,400 రూపాయల కోసం ఏ ఠాణా ఇన్నేళ్లు తిరుగుతుంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇన్‌స్పెక్టరు ఉన్న నాలుగు అధ్యాయాలూ తీసేశాను.

ఆ స్థానంలోకి అప్ప వచ్చింది. పేరు రాఘవమ్మ, తమ్ముడికన్నా పదేళ్లు పెద్ద, చదువు రాదు. తమ్ముడి శవం చూడలేదు కనుక చనిపోయాడని ఒప్పుకోదు. ఇంట్లోవాళ్లు ఏడేళ్లు చూసి, 1984లో చట్టప్రకారం చనిపోయినట్టే లెక్క వేయించాలనుకుంటారు. ఇక్కడ కూడా నాది ఒక తప్పుంది. ఏడేళ్లు దాటగానే మనిషి దానంతట అదే మృతుడైపోతాడని రాశాను. అప్పటి 1872 సాక్ష్య చట్టం 108 సెక్షన్ చెప్పింది వేరు. ఏడేళ్లుగా, సహజంగా కబురు తెలియవలసినవాళ్లకు కబురు తెలియకపోతే, బతికే ఉన్నాడని నిరూపించే భారం అలా అనేవాళ్ల మీద పడుతుంది. ఏ రోజున చనిపోయాడన్నది ఆ సెక్షన్ తేల్చదు. రాఘవమ్మ సరిగ్గా ఆ భారాన్నే నెత్తిన వేసుకుంటుంది. చట్టం తెలిశాక పాత్ర మరింత నిటారుగా నిలబడింది.

ఆమెకు ఆచూకీ ఎలా దొరకాలి? ఓటర్ల జాబితాలో పేరు కనిపించినట్టు రాసి కొట్టేశాను. 1984లో వేరే రాష్ట్రం జాబితా పల్లెటూరి మనిషి చేతికి ఎలా వస్తుంది? పత్రికలో ఫొటో అనుకున్నాను. అది కాకతాళీయం. చివరికి మార్గం అతని పనిలోనే దొరికింది. పదోన్నతి ఇచ్చే ముందు మిల్లు టైమ్ ఆఫీసు జన్మతేదీ నిర్ధారణ కోసం ధ్రువపత్రంలో ఉన్న బడికి ఉత్తరం రాస్తుంది. ప్రధానోపాధ్యాయుడు ఆ ఉత్తరం చదివి, సైకిలెక్కి నేరుగా రాఘవమ్మ ఇంటికి వెళ్లి చెబుతాడు: "మీ తమ్ముడు బతికే ఉన్నాడమ్మా. బల్లార్షాలో ఉద్యోగం చేస్తున్నాడు."

ఆ రోజు నుంచి నాంచారయ్యను వెంటాడేది ప్రేమ. పారిపోతే ఆ తల్లిలాంటి మనిషి గుండె పగులుతుంది. ఎదురుపడితే తమ్ముడు రెండోసారి చనిపోతాడు. ఆమె బల్లార్షా వచ్చినప్పుడు అతను రెండు షిఫ్టులు చేసి మిల్లులోనే ఉండిపోతాడు. ఆమెకు భోజనం పెట్టి రైలెక్కించేది అతని భార్య. తమ్ముడికి తన ముఖం చూడటం ఇష్టం లేదనుకుని రాఘవమ్మ వెళ్లిపోతుంది. తరువాతి నెల నుంచి అతను ఆమెకు మనీఆర్డరు పంపుతాడు. ఫారం కింద కబురు రాసే చిన్న జాగాలో మొదటి మాట: "అప్పకు నమస్కారం." తపాలా మనిషి అది చదవగానే ఆమెకు ఇక ఏ అనుమానమూ ఉండదు. చదువు రాదు కనుక చేతిరాత గొడవ కూడా తీరింది.

ఇన్‌స్పెక్టరును తీసేస్తే థ్రిల్లర్ చచ్చిపోతుందని ఒకరు హెచ్చరించారు. ఎర్ర పెన్సిలుతో మళ్లీ లెక్కపెట్టాను. గుట్టు బయటపడే ప్రశ్నలు 7 నుంచి 58కి చేరాయి.

లెక్క: రాసినవి 82,500. తీసేసినవి 45,000. మిగిలినవి 37,500.

దశ 5: రెండు వయసులు, రెండు పేర్లు

నాంచారయ్య పుట్టింది 1950. కాగితం మీది పుట్టుక 1953. ఈ మూడేళ్ల తేడా 12 చోట్ల నన్ను దెబ్బతీసింది. అతను అసలు వయసు ప్రకారం పదవీ విరమణ చేసినట్టు ఒకచోట, కాగితం వయసు ప్రకారం చేసినట్టు మరోచోట రాశాను. ఇప్పుడు స్థిరపరచినది: విరమణ 2011లో, కాగితం ప్రకారం 58, ఒంటి ప్రకారం 61.

ఎవరైనా ఇలాంటి కథ మొదలుపెడితే ముందే చేసుకోవలసిన పని:

1. పెద్ద చార్టు మీద అడ్డంగా అధ్యాయాలు, నిలువుగా పాత్రలు రాయాలి.
2. ప్రతి గడిలో ఆ పాత్రకు అప్పటికి ఏమి తెలుసో పెన్సిలుతో నింపాలి. ఏమి అనుమానమో పక్కనే వేరే రంగుతో రాయాలి.
3. అన్నిటికన్నా కింద "పాఠకుడికి" అని ఒక వరుస ఉంచాలి.
4. ఏదైనా అధ్యాయంలో ఒక్క గడి కూడా మారకపోతే ఆ అధ్యాయం తీసేయాలి.

నాలుగో సూత్రం ప్రకారం రెండు అధ్యాయాలు పోయాయి. వాటిలో ఒకటి నాకు చాలా ఇష్టమైనది, వార్ధా నది ఒడ్డున నడకది. గడి మారలేదు, తీసేశాను.

కథ చెప్పే గొంతు అతన్ని ఏ పేరుతో పిలవాలి? "అవును" అన్న క్షణం నుంచి సింహాచలం అని రాస్తే ఐదుగురు పాఠకుల్లో ముగ్గురు తికమకపడ్డారు. నాంచారయ్య అనే కొనసాగిస్తే దాక్కున్న భావమే పోయింది. ఇప్పటి పద్ధతి ఇది. నలుగురిలో ఉన్నప్పుడు సింహాచలం, ఒంటరిగా ఉన్నప్పుడు నాంచారయ్య. రెండో సగంలో నాంచారయ్య అన్న పేరు 31 సార్లే వస్తుంది, పోనుపోను దూరమవుతుంది.

లెక్క: రాసినవి 84,300. తీసేసినవి 47,100. మిగిలినవి 37,200.

దశ 6: వేలిముద్ర, పుట్టుమచ్చ

ముగింపుకు మొదట అనుకున్నది ఆధార్. దేశంలో మొదటి ఆధార్ సంఖ్యను 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా టెంభ్లీలో ఇచ్చారు. నా మనిషి ఉన్నదీ అదే రాష్ట్రం. పది వేళ్లు, రెండు కనుపాపలు ఇస్తే అతని గుట్టు రట్టవుతుందని 5 పేజీలు రాశాను. నమోదు కేంద్రంలో పనిచేసిన ఒక అబ్బాయి చదివి నవ్వలేదు, ఓపికగా వివరించాడు. ఒకే మనిషి రెండుసార్లు నమోదు కాకుండా ఆ వ్యవస్థ చూస్తుంది. చూపించిన పేరు పుట్టినప్పుడు పెట్టిందేనా అని అది తేల్చలేదు. నాంచారయ్య పేరుతో ఎక్కడా నమోదు లేదు. పాత వేలిముద్రలా? 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో మొదలైనప్పటి నుంచి పోలీసులు దాచింది ప్రధానంగా నేరస్థులవే. ఇతను ఎన్నడూ జైలుకు వెళ్లలేదు.

దాంతో దృశ్యం తలకిందులైంది. గాజు మీద నాలుగు వేళ్లు ఆనించగానే యంత్రం ఆ వేళ్లను సింహాచలానివిగా ఒప్పుకుంటుంది. దొరికిపోతానని వణికిన మనిషి, ఇక ఎప్పటికీ దొరకనని తెలిసి ఇంటికొచ్చి ఏడుస్తాడు. రాసిన 5 పేజీల్లో నాలుగున్నర పోయాయి, మిగిలిన అర పేజీ నవలలో నాకు నచ్చిన చోటు.

అసలు ముగింపు ధ్రువపత్రంలోనే ఉంది. మన పదో తరగతి పత్రాల మీద మనిషిని గుర్తుపట్టే రెండు మచ్చలు రాస్తారు. సింహాచలానివి: ఎడమ మణికట్టు మీద పుట్టుమచ్చ, కుడి మోకాలి కింద గాయపు మచ్చ. మోకాలి మచ్చకు ఇబ్బంది లేదు, ఉప్పెనలో తుమ్మముళ్లు చీల్చినవి నాంచారయ్యకు కావలసినన్ని ఉన్నాయి. మణికట్టు మీదిది కాజీపేట స్టేషను బయట పచ్చబొట్లు పొడిచే ముసలామెతో ఒక చుక్కగా వేయించుకున్నాడు.

పచ్చబొట్టు వయసు తెలుసుకోవడానికి మా పెద్దమ్మ ముంజేయి చూశాను. చిన్నప్పుడు వేయించుకున్న చుక్కలు మూడు. స్కేలు పెడితే ఒక్కోటి నాలుగు మిల్లీమీటర్లు, అంచులు పలచబడ్డాయి. నలుపు పోయి పాత రాగి చెంబుకు పట్టిన చిలుము రంగు తేలింది. వేలితో తడిమితే ఏమీ తగలదు, చర్మం సమంగా ఉంది. పేరులోనే పచ్చ ఉన్నా నాకు అంతవరకు తట్టలేదు.

ముందు రాసిన ప్రతిలో 2011లో రెండోసారి వచ్చిన రాఘవమ్మ ఆ పచ్చరంగు చూసి గుర్తుపడుతుంది. అది నిలవలేదు. రంగు మారడం ముప్పై ఏళ్లుగా భార్య చూస్తూనే ఉంది కదా. ఆమె చూసింది, అడగలేదు అని ఒక వాక్యం భార్యకు ఇచ్చాను. రాఘవమ్మకు 68 ఏళ్లు, కళ్లలో శుక్లాలు. ఆమె చూడదు, తడుముతుంది. తమ్ముడి మచ్చ మిరియపు గింజలా ఉబ్బెత్తుగా ఉండేది. ఎత్తుకుని తిరిగిన రోజుల్లో ఆమె బొటనవేలు దాని మీదే ఆడేది. ఇప్పుడా బొటనవేలు ఈ మణికట్టు మీద అటూ ఇటూ కదిలి ఆగిపోతుంది.

ఈ చోట నాకు ధైర్యమిచ్చింది భవాల్ సన్యాసి కేసు. 1909లో డార్జిలింగ్‌లో చనిపోయాడనుకున్న జమీందారీ కుమారుడు పన్నెండేళ్ల తరువాత సన్యాసిగా తిరిగొచ్చాడు. 1936లో కింది కోర్టు, 1946లో ప్రివీ కౌన్సిల్ (లండన్‌లోని అప్పటి చివరి అప్పీలు కోర్టు) అతనే ఇతనని తేల్చాయి. ఒంటి మీది గుర్తులపై కోర్టులో ఎంతో వాదన నడిచింది. అంతకన్నా ముందే అతన్ని తమ్ముడిగా ఒప్పుకున్నది అక్క జ్యోతిర్మయీ దేవి. నా కథలో అక్క కాదని తెలుసుకుంటుంది.

లెక్క: రాసినవి 1,02,200. తీసేసినవి 50,400. మిగిలినవి 51,800.

దశ 7: కోత, చివరి దృశ్యం

ఫోనులో గొంతుతో చదివించే సదుపాయం పెట్టి నవల మొత్తం రెండుసార్లు విన్నాను. కంటికి కనపడని పునరుక్తి చెవికి దొరికింది. "ఒక్కసారిగా" 64 చోట్ల ఉంది, 5 మిగిల్చాను. అచ్చుకోసం యూనికోడ్ నుంచి ముద్రణవాళ్ల పాత ఖతికి (ఫాంటుకు) మార్చితే వత్తులు చాలాచోట్ల చెదిరాయి. రెండు విడతల ప్రూఫు పట్టింది. ఆ సమయం ముందే లెక్కలో వేసుకోండి.

సంఘం డబ్బు సంగతి కూడా ఇక్కడే తేల్చాను. లెక్కల పుస్తకాలు ఆ మొదటి రాత్రే కొట్టుకుపోయాయని అతనికి 2011లో తెలుస్తుంది. నాలుగు వాక్యాలు చాలాయి.

చివరి దృశ్యం 340 పదాల నుంచి 90కి వచ్చింది. తీసేసినవన్నీ క్షమాపణలు. మణికట్టు వదలకుండానే రాఘవమ్మ అడుగుతుంది: "ఎవరబ్బాయివి నాయనా?" రైల్లో పెద్దావిడ నన్ను అడిగినలాంటి ఆరు సంగతులు అతను రాఘవమ్మ అడగకుండానే వరుసగా చెబుతాడు. ఊరు, ఇంటిపేరు, తండ్రి పేరు, తల్లి పేరు, తోడబుట్టినవాళ్లు, చివరగా తన పేరు. ఆ తరువాత తాటిచెట్టు మీద సింహాచలం అన్న మాటలు, ఒక్కటి కూడా వదలకుండా. తెల్లవారేవరకు ఆమె చెయ్యి అక్కడే ఉంటుంది.

లెక్క: రాసినవి 1,04,600. తీసేసినవి 57,100. మిగిలినవి 47,500. పేజీకి 210 పదాల చొప్పున 226 పేజీలు. శ్రీకాకుళం మాస్టారికి చివరి అధ్యాయం రేపు ఫోనులో చదివి వినిపించాలి.